ఘోరం లేని ఊరు

మా ముక్కెరపాడులో ఇంతవరకూ చెప్పుకోదగ్గ ఘోరమేదీ జరగలేదు. ఒకప్పుడైతే ఈ మాట గొప్పగా చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాం.

ఇదంతా ఫోన్లతో మొదలైంది. చరిత్రలో ఒళ్ళు గగుర్పొడిచే నిజాలంటూ ఎవడో గొంతు బొంగురు చేసుకుని చెబుతుంటే, అన్నం తినని పిల్లల దగ్గర్నుంచి అన్నం అరగని తాతల దాకా నోళ్ళు తెరుచుకుని చూడటం మొదలుపెట్టారు. ఫలానా దేశంలో పందిని బోనెక్కించి, విచారణ జరిపి, ఉరి తీశారట. ఇంకోచోట చచ్చిపోయిన మతగురువుని గోరీలోంచి పైకి తీసి, కుర్చీలో కూర్చోబెట్టి, నీ తప్పు ఒప్పుకుంటావా లేదా అని నిలదీశారట. ఇవి నిజంగా జరిగినవే. సోషల్ మాస్టారుగా పనిచేసినన్నాళ్ళూ క్లాసులో నేను చెప్పినవే. నేను చెప్పినప్పుడు ఆవులించిన వాళ్ళే ఇప్పుడు ఫోన్లో చూసి, "మాస్టారూ, ఇది విన్నారా?" అని నాకు చెబుతున్నారు. ఆ కడుపుమంట వేరే సంగతి.

ఈ ముచ్చట పైవాళ్ళ చెవిన పడింది. జనానికి మంచి చూపిస్తే టిక్కెట్టు కొనరు, ఘోరం చూపిస్తే క్యూ కడతారు అని వాళ్ళకి జ్ఞానోదయమై, చారిత్రక ఘోరాల అభివృద్ధి సంస్థ అని ఒకటి పుట్టించారు. దాని సిద్ధాంతం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఘోరం ఉన్న ఊరికే రోడ్డు. ఘోరం ఉన్న ఊరికే వంతెన, వీధిదీపాలు, బస్సు. ఇదివరకు పంచాయతీలకి విడివిడిగా వచ్చే పథకాలన్నీ ఇందులో కలిపేశారు. ఘోరం లేని ఊరికి ఎవరూ వెళ్ళరు గనక దానికి దారెందుకు అన్నది వాళ్ళ తర్కం. తర్కానికేం, నిక్షేపంలా ఉంది.

చుట్టుపక్కల ఊళ్ళు చురుకైనవి. మా పై ఊళ్ళో ఒక జమీందారు పన్ను కట్టని రైతుల్ని గానుగలో వేసి తిప్పించాడని నిరుడు హఠాత్తుగా బయటపడింది. అంతకుముందు ఆ సంగతి ఆ ఊరివాళ్ళకే తెలియదు. వాళ్ళకి తారురోడ్డు పడింది. కింది ఊళ్ళో రాణిని బతికుండగానే గోడలో పెట్టి కట్టేశారని తేలింది. ఆ గోడ పంచాయతీ ఆఫీసుదని, కట్టిన మేస్త్రీ ఇంకా బతికే ఉన్నాడని గిట్టనివాళ్ళు అంటారు. వాళ్ళకి బస్టాండు వచ్చింది.

మాకేమో చరిత్రే లేదు. కారణం మా ముక్కెరవాగు. ఊరిని మూడు వైపులా చుట్టుకుని పారుతుంది, నాలుగో వైపు కొండ. దండెత్తి వచ్చిన ప్రతి సేనా వాగు ఒడ్డుదాకా వచ్చి, నీళ్ళు చూసి, ఇంత అవస్థపడి దాటితే అవతల ఏం దొరుకుతుందిలే అని వెనక్కి తిరిగిపోయింది. జమీందారు గుమస్తా కూడా ఎండాకాలం ఒకసారి వచ్చి, మజ్జిగ తాగి వెళ్ళిపోయేవాడట. అలా మా పూర్వీకులు ఏ ఘోరానికీ నోచుకోకుండా ప్రశాంతంగా బతికి, మమ్మల్ని ఇప్పుడు నట్టేట ముంచారు.

మా సర్పంచి సలోమి. నా దగ్గర చదువుకున్న పిల్లే. ఆమె సర్పంచిగా నిలబడ్డదే వంతెన కోసం. వానాకాలం వచ్చిందంటే వాగు దాటాలంటే ఈత రావాలి, లేదా నలుగురు మోసేవాళ్ళుండాలి. జ్వరమొచ్చినా, పాము కరిచినా, నొప్పులొచ్చినా మంచం మీద పడుకోబెట్టి, భుజాలకెత్తుకుని, మెడలోతు నీళ్ళలో దిగాల్సిందే. సలోమి కూతురు కెజియా మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. డాక్టరు చెప్పిన నెల భాద్రపదం, వాగు పోటెత్తి పారే నెల. ఆలోపు వంతెన రాకపోతే తన కూతురు గతి ఏమిటన్నదే సలోమి దిగులు. ఆ ఏడాదంతా ఆమె నోట వేరే మాట వినలేదు.

వంతెన కావాలంటే ఘోరం కావాలి. అందుకని చర్చి వరండాలో ఊరంతా కూర్చుని వెతకడం మొదలుపెట్టాం. వృద్ధుల్ని పిలిచి, మీ చిన్నప్పుడు ఏదైనా దారుణం చూశారా అని బతిమాలాం. ఒక ముసలాయన చాలాసేపు ఆలోచించి, తన చిన్నప్పుడు గేదె బావిలో పడిందని చెప్పాడు. అందరం ముందుకి జరిగాం. చచ్చిపోయిందా అని ఆశగా అడిగితే, తాళ్ళు కట్టి పైకి లాగారని, ఆ పూట కూడా పాలిచ్చిందని చెప్పాడు. ఇంకో ఆమె, సరిహద్దు గోడ దగ్గర అన్నదమ్ములు కొట్టుకుంటే ఒకరికి పన్ను ఊడిందని చెప్పింది. ఆ పన్ను ఊడినవాడే తర్వాత అన్న కూతురి పెళ్ళి దగ్గరుండి చేశాడని కూడా తనే చెప్పి చెడగొట్టింది. కింది ఊరివాళ్ళ దగ్గర ఒక ఘోరం మిగులుందని, చెరువు నీళ్ళలో వాటా ఇస్తే మాకు వదులుకుంటారని కబురొచ్చింది. ఘోరం కోసం పొలాలు ఎండబెట్టుకుంటామా అని ఊరు ఒప్పుకోలేదు.

చివరికి సలోమి అల్లుడు దానియేలు తెగించాడు. నవాబు సేనాని ఒకడు మా కొండమీద వందల మందిని నూనె కొప్పెరల్లో వేయించాడని కథ అల్లి, సంస్థకి దరఖాస్తు పెట్టాడు. అంతమందికి సరిపడా నూనె ఆ రోజుల్లో ఎక్కడిదిరా అని నేనడిగాను. మాస్టారూ, మీరు చరిత్ర చెప్పండి, లెక్కలు చెప్పకండి అన్నాడు.

దరఖాస్తు పరిశీలించడానికి ఉపసంచాలకులు పరాంకుశం గారు స్వయంగా వచ్చారు. ఎండాకాలం గనక ప్యాంటు మడిచి మోకాలిలోతు నీళ్ళలో దాటారు. వెంట ఒక సన్నపాటి మనిషి ఉన్నాడు. ఆయన రోమాంచ పరిశీలకుడట. ఘోరం విన్నప్పుడు ఆయన చేతిమీద వెంట్రుకలు లేస్తే ఘోరం నిజం, లేవకపోతే అబద్ధం. అదే శాస్త్రీయమైన పద్ధతి అని పరాంకుశం గారు వివరించారు. చల్లగాలికి లేస్తే లెక్కలోకి రావు గనక చర్చిలో ఫ్యానులు ఆపించి, కిటికీలు మూయించారు. వైశాఖం ఎండలో మేమంతా చెమటలు కక్కుతుంటే, ఆ పరిశీలకుడు చొక్కా చెయ్యి పైకి మడిచి బల్లమీద పెట్టాడు. పరాంకుశం గారు భూతద్దం పట్టుకున్నారు.

దానియేలు కొప్పెరల కథ చెప్పాడు. బాగానే చెప్పాడు, నూనె లెక్క నేనూ మరిచిపోయాను. ఒక్క వెంట్రుక కదల్లేదు.

పరాంకుశం గారు భూతద్దం దించి జాలిగా చూశారు. "విషయం ఏమిటంటేనండీ, సేనానుల కోటా అయిపోయింది. ఈ జిల్లాకు మంజూరైన క్రూర జమీందార్లు, విషం పెట్టిన రాణులు, మతి చెడిన నవాబులు అందరినీ ఇప్పటికే వివిధ గ్రామాలకు సర్దుబాటు చేసేశాం. పక్క జిల్లాలో ఒక దుర్మార్గపు కరణం మాత్రం ఖాళీగా ఉన్నాడు. ఆయన మూడో శ్రేణి ఘోరం. ఆయన మీద మీకు వీధిదీపాలు రావచ్చునేమో గానీ వంతెన రాదు."

సలోమి అప్పటిదాకా గోడకానుకుని నిలబడి ఉంది. వంతెన రాదు అన్న మాట వినగానే ముందుకొచ్చింది. ఆమె ఘోరం చెబుదామని రాలేదు, కోపం వచ్చి మాట్లాడింది.

"అయ్యా, రాజులూ నవాబులూ మాకు తెలవదు. మా అమ్మకి నొప్పులొస్తే మా నాయనా, మా చిన్నాయనోళ్ళూ మంచం మీద ఏసుకొని ఇదే వాగులో దిగారు. నేను ఒడ్డున నిలబడి చూస్తన్నా. వాన కుమ్మేస్తంది, కళ్ళు తెరవనీదు. మా నాయన ముందుకాడ పట్టాడు. నడిమిట్లో భుజం తేలికైందంట. నీళ్ళు కదా, తేల్తందిలే అనుకున్నాడంట. అవతల ఒడ్డుకు పోయి దించి చూసుకుంటే మంచం ఒక్కటే ఉంది. అంతకుముందు ఆయనమ్మ కూడా అట్టాగే పోయింది. ఈ నెలలు దాటితే నా బిడ్డను ఇందులోనే దించాల. మీ చేతిమీద యెంట్రుకలతో నాకేంది పని?"

ఆ సంగతి ఊరందరికీ తెలుసు, కానీ దాన్ని మేమెవరం ఘోరమని అనుకోలేదు. వాగన్నాక పోతుంటారు అనుకున్నాం. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఆ సంగతే ఎక్కువ బాధనిపిస్తుంది.

పరిశీలకుడి చేతిమీద వెంట్రుకలు నిటారుగా లేచాయి. మెడమీదవి కూడా లేచాయని వెంట వచ్చిన గుమస్తా చూసి రాసుకున్నాడు. పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన దుఃఖం నిజమైనదే, ఆయన్ని అనకూడదు. సంస్థ ఏర్పడ్డాక ఇంత నికార్సైన ఘోరం తన దృష్టికి రాలేదని, పైగా ఇది తరతరాలుగా ఆగకుండా జరుగుతోంది గనక దీన్ని జీవ ఘోరం అనే మొదటి శ్రేణిలో చేర్చాలని అక్కడికక్కడే సిఫారసు రాశారు. వెళ్ళేటప్పుడు సలోమికి రెండు చేతులూ జోడించి, మీ అమ్మగారి త్యాగం వృథా కాదు అన్నారు. ఆ సాయంత్రం ఊళ్ళో టపాకాయలు కాల్చారు. ఘోరం మంజూరైందని టపాకాయలు కాల్చిన మొదటి ఊరు బహుశా మాదే.

పనులు చకచకా జరిగాయి. అవతలి ఒడ్డుదాకా తారురోడ్డు వచ్చింది. అవతలి ఒడ్డున దీపాలు, కార్లు ఆపుకునే స్థలం, టిక్కెట్ల గది, మిరపకాయ బజ్జీల బండ్లు వచ్చాయి. ఘోరం చూసి కళ్ళు తిరిగి పడిపోయే సందర్శకుల కోసం ఒక అంబులెన్సు కూడా వచ్చింది. ఆ తర్వాత ఇనప స్తంభాలు దిగాయి. స్తంభాల మీద రేకులు పరుచుకుంటూ అవతలి ఒడ్డునుంచి వంతెన మా వైపు రావడం మొదలుపెట్టింది. సలోమి రోజూ పొద్దున్నే వచ్చి ఇవతలి ఒడ్డున కూర్చుని, అది ఎంత దగ్గరికొచ్చిందో చూసుకునేది. కెజియాని కూడా తీసుకొచ్చి చూపించేది.

వాగు ముప్పాతిక వంతు దాటాక పని ఆగింది. చివర నడుమెత్తు కమ్మీలు బిగించి, రంగు వేసి, మేస్త్రీలు సామాను సర్దుకున్నారు.

సలోమి నన్ను వెంటబెట్టుకుని జిల్లా ఆఫీసుకు వెళ్ళింది. పరాంకుశం గారు మర్యాదగా కుర్చీలు వేయించి, టీ తెప్పించారు. వంతెన మధ్యలో ఆపారేమని అడిగితే నొచ్చుకున్నారు.

"అది వంతెన కాదమ్మా, వీక్షణ వేదిక. రెండు ఒడ్లకీ ఆనితే వంతెన అవుతుంది. ఒక్క ఒడ్డుకే ఆనింది గనక వేదిక."

ఇంకాస్త ముందుకి జరిపితే అది కూడా అవుతుంది కదండీ అన్నాను నేను.

"మాస్టారూ, మీరు చదువుకున్నవారు. కోటని సంరక్షించమంటే కోట పడగొట్టి బంగళా కడతామా? మీ వాగు ఇప్పుడు సంరక్షిత ఘోరం. ఘోరాన్ని తగ్గించే, తొలగించే, నివారించే నిర్మాణమేదీ దాని పరిధిలో చేపట్టరాదని నిబంధన. వంతెన కట్టేశాక ఇక చూడటానికేం మిగులుతుంది చెప్పండి? ఆ తర్వాత ఘోరమే లేనప్పుడు, ఘోరం మీద మంజూరైన వంతెనకి అర్హత ఎక్కడిది?"

సలోమి టీ ముట్టుకోకుండా లేచి వచ్చేసింది.

వానలు మొదలయ్యాక సందర్శకులు పెరిగారు. దాంతోపాటు మాకు సూచనలూ పెరిగాయి. దాటదలచిన గ్రామస్థులు వీలైనంతవరకు టిక్కెట్ల వేళల్లోనే దాటాలి. రోగుల్ని నులకమంచం మీదే మోయాలి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోయరాదు, ప్లాస్టిక్ చరిత్రకు సరిపడదు. మోసేవాళ్ళు బనియన్ల మీద సినిమా బొమ్మలు లేకుండా చూసుకోవాలి. వేదిక మీద ఒక కుర్రవాడు మైకు పట్టుకుని, ఇదిగో ఇప్పుడు మీరు చూస్తున్నది తరతరాల ఘోరం అని చెబుతుండేవాడు. మా కాలు జారినప్పుడల్లా పైనుంచి అయ్యో అని ఒక్కసారిగా వినబడేది. చెడ్డవాళ్ళని కాదు, పాపం నిజంగానే అయ్యో అనేవారు. అనేసి ఫోను ఎటు తిప్పితే బాగా కనబడుతుందో చూసుకునేవారు.

కెజియాని ముందుగానే టౌనుకి తీసుకెళ్ళి అద్దె గదిలో పెట్టాలని సలోమి అనుకుంది. గది కూడా మాట్లాడారు. కానీ పురుడు మన క్యాలెండరు చూసుకుని రాదు. శ్రావణం వెళ్ళకుండానే ఒక ఆదివారం ప్రార్థన జరుగుతుండగా పిల్లకి నొప్పులు మొదలయ్యాయి. ముందురోజంతా కొండమీద వాన కురిసి వాగు ఎర్రగా సుళ్ళు తిరుగుతోంది.

ఒడ్డుకి వెళ్ళి చూస్తే వేదిక మీద ఇసకేస్తే రాలనంత జనం. ఆదివారం కదా. మంచం మీద నిండు చూలాలు కనబడగానే మైకులో కుర్రవాడి గొంతు మారిపోయింది. సందర్శకుల అదృష్టం కొద్దీ ఈరోజు అసలైన దాటింపు జరగబోతోందని, దయచేసి పిల్లల్ని ముందు వరసలో నిలబెట్టవద్దని చెప్పాడు.

దానియేలు, ఇంకా ముగ్గురు మంచం భుజాలకెత్తుకుని నీళ్ళలో దిగారు. తొడలోతుకి రాగానే వెనకవాడి కాళ్ళు తేలిపోయాయి. మంచం ఒరిగింది. కెజియా ఒక్క కేక పెట్టింది. అంతవరకూ ఒడ్డున అమ్మలక్కల మధ్య ధైర్యంగా ఉన్న సలోమి ఆ కేక వినగానే నీళ్ళలోకి పరిగెత్తి, మంచం కోడు పట్టుకుని అల్లుణ్ణి ఆపేసింది.

"ఎనక్కి తిప్పు. నా బిడ్డని వీళ్ళకి చూపించను."

మరి ఎట్టా అత్తా అన్నాడు దానియేలు ఏడుస్తూ. సలోమి వేదిక చివరికేసి చూసింది. అక్కణ్ణుంచి మా ఒడ్డుకి మిగిలింది ఒక తాటిచెట్టు పొడవు, అంతే. చర్చి కొత్త పాక కోసం తెచ్చిన తాటిదూలాలు వాకిట్లోనే పడి ఉన్నాయి. ఆమె చెప్పక్కర్లేకుండానే పాస్టరుగారితో సహా ఊరంతా అటు పరిగెత్తింది.

దూలాలు తెచ్చి, తాళ్ళు కట్టి, మా ఒడ్డున నిలబెట్టి వేదిక మీదికి వంచాం. అవతల కమ్మీలు అడ్డం. మైకు కుర్రవాడు సంరక్షిత పరిధిలో ఇలాంటివి చేయకూడదండీ అని మైకులోనే చెప్పాడు. అప్పటిదాకా ఫోను పట్టుకుని వీడియో తీస్తున్న ఒకావిడ, మంచి భారీ మనిషి, ఫోను జాకెట్టులో దోపుకుని కమ్మీని రెండు చేతులా పట్టుకుని ఊపడం మొదలుపెట్టింది. ఆమెని చూసి ఇంకో పదిమంది చెయ్యి వేశారు. కొత్త రంగు వేసిన ప్రభుత్వ కమ్మీ గనక తేలిగ్గానే ఊడి వాగులో పడింది. దూలాల మీద మంచం నడిచింది. సలోమి మంచం పక్కనే, కిందికి చూడకుండా, కూతురి చెయ్యి పట్టుకుని నడిచింది. సందర్శకులు రెండు పక్కలా ఒత్తుకుని దారి ఇచ్చారు. కళ్ళు తిరిగినవాళ్ళ కోసం పెట్టిన అంబులెన్సులో కెజియా టౌనుకి వెళ్ళింది. ఆ సాయంత్రం ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం అని ఫోనొచ్చింది. నేను ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

ఆ తర్వాత జరిగినదంతా నిబంధనల ప్రకారమే జరిగింది. దూలాల్ని ఊరివాళ్ళు తియ్యలేదు. ఆ పక్కన ఇంకో రెండు చేర్చి, మీద చెక్కలు కొట్టారు. వాగు దాటడానికి ఎవరూ నీళ్ళలో దిగడం లేదు గనక టిక్కెట్లు తెగడం మానేశాయి. బజ్జీల బండ్లు పై ఊరి గానుగ దగ్గరికి తరలిపోయాయి. సలోమికి జిల్లా ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. సంరక్షిత ఘోరాన్ని ధ్వంసం చేసినందుకు, వీక్షణ వేదికను దురుద్దేశంతో రెండో ఒడ్డుకి ఆనించి వంతెనగా మార్చినందుకు ఆమెమీద విచారణ. తప్పు రుజువైతే సర్పంచి పదవి పోతుంది, జైలు కూడా ఉండొచ్చు.

విచారణకి పరాంకుశం గారే అధికారి. నేను తోడు వెళ్ళాను. కెజియా పిల్లని ఎత్తుకుని వెనక బల్లమీద కూర్చుంది. పరాంకుశం గారు ఆరోపణలన్నీ చదివి, ఇలాంటి మొదటి శ్రేణి జీవ ఘోరం రాష్ట్రంలో ఇంకెక్కడా లేదని, భావితరాలకు అందాల్సిన వారసత్వం ఒక్క ఆదివారంలో నాశనమైపోయిందని గద్గదంగా అన్నారు. దూలాలు మీరే వేయించారా అని అడిగారు. నేనే ఏపించానయ్యా అంది సలోమి.

తర్వాత ఆమె ఒక్క మాట అడగొచ్చా అంది. ఆయన అడగమన్నారు.

"ఆ రోజు నేను దూలాలు ఏపించకుండా, నా బిడ్డ వాగులో పోయుంటే నా మీద ఈ కేసు ఉండేదా అయ్యా?"

పరాంకుశం గారు అబద్ధం ఆడే మనిషి కాదు. నిబంధనల పుస్తకం తెరిచి, కళ్ళజోడు సవరించుకుని, ముందుకీ వెనక్కీ తిప్పి శ్రద్ధగా చూశారు. పక్కనున్న గుమస్తాని కూడా అడిగారు. ఆఖరికి పుస్తకం మూసి, ఎంతో మర్యాదగా చెప్పారు.

"ఉండేది కాదమ్మా. అప్పుడంతా సక్రమంగా జరిగినట్టే."

సలోమి తలూపింది. వెనక్కి తిరిగి పిల్లని ఒకసారి చూసుకుని, తప్పు ఒప్పుకున్నట్టు సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమని గుమస్తాని అడిగింది.

"అయితే నా మీద కేసే ఉండనీయండయ్యా."